బల్తాసార్ నాలుక

మా ఊరికి ఉత్తరపు గాలి చెప్పాపెట్టకుండా వస్తుంది. పొద్దున చొక్కా చేతులు మడిచి తిరిగిన మనిషి మధ్యాహ్నానికి పెట్టెలో ఉన్నికోటు వెతుక్కుంటాడు. ఏటా ఆ గాలి తిరిగాక వచ్చే మొదటి శనివారం సెపెదా వాళ్ళింట్లో చిలీ వండుతారు. గొడ్డుమాంసం చిన్న చిన్న ముక్కలుగా కోసి, ఎండుమిరపకాయల ముద్దలో పొద్దుటినుంచి సాయంత్రం దాకా సన్నసెగ మీద ఉడికిస్తారు. అందులో టమాటా పడదు, చిక్కుళ్ళు పడవు. చిక్కుళ్ళు పక్క గిన్నెలో ఉంటాయి, కావలసినవాళ్ళు వేసుకుంటారు. శాన్ ఆంటోనియోలో ఉండే కొడుకు రోహెలియో, కోడలు ఇమెల్దా, వాళ్ళ ముగ్గురు పిల్లలు, రెండు వీధుల అవతల ఒంటరిగా ఉండే ఆ ఇంటి ఆడపడుచు లియొకాదియా, అందరూ పిలవకుండానే వచ్చేస్తారు.

వండేది నెస్తోరా. పెళ్ళై ఈ ఇంటికి వచ్చిన ఏడాది నుంచీ ఆవిడే. అరవై దాటినా మిరపకాయలు తనే చీల్చి గింజలు దులుపుతుంది, పెనం మీద తనే వేయిస్తుంది, జీలకర్ర నల్లరాతి రోట్లో తనే నూరుతుంది. ఎవరైనా సాయానికి వస్తే, "కూర్చో, నువ్వు చేసింది మళ్ళీ నేను చేసుకోవాలి" అని కుర్చీ చూపిస్తుంది.

ఆవిడ భర్త బల్తాసార్ చుట్టుపక్కల పశువుల క్షేత్రాల్లో నీళ్ళు తోడే గాలిమరలు బాగుచేసేవాడు. మంచివాడు, మాటలు తక్కువ. తిండి విషయంలో అయితే ఆయనకి ఒక్కటే మాట, బాగుంది. పెళ్ళైన కొత్తలో నెస్తోరా గుడ్లు మాడ్చి పెడితే బాగుంది అన్నాడు. మేనల్లుడి పెళ్ళికి పెద్ద హోటల్లో భోజనం పెడితే అదీ బాగుంది అన్నాడు. "ఈయన ముందు గడ్డి పెట్టినా నాకు పేరొస్తుంది" అని నెస్తోరా నవ్వేది.

నేను చెప్పే సంగతి 1971లో జరిగింది. ఆ ఫిబ్రవరిలో నెస్తోరాకి ఫ్లూ వచ్చి పది రోజులు పడుకుంది. లేచింది గానీ, ముక్కు లేవలేదు. కాఫీ కాచుకుంటే వేణ్ణీళ్ళు తాగినట్టుంది. వెల్లుల్లి చితక్కొట్టి ముక్కు దగ్గర పెట్టుకుంది. ఏమీ లేదు. నాలుక మీద ఎవరో కాగితం అతికించినట్టు, కారం మంట తప్ప ఏ రుచీ తెలియలేదు. డాక్టరు కళ్ళద్దాలు తీసి తుడుచుకుంటూ, "కొందరికి తిరిగొస్తుంది, కొందరికి రాదు" అన్నాడు. ఆ మాట చెప్పడానికి ఆయన అవసరమేమిటని విసుక్కుంటూ ఇంటికి వచ్చింది.

ఎవరికీ చెప్పలేదు. చెబితే కోడలు వంటింట్లోకి వస్తుంది, ఆడపడుచు సలహాలతో వస్తుంది. రెండూ ఆవిడకి ఇష్టంలేదు. నలభై ఏళ్ళుగా చేతికి అలవాటైన కొలతలున్నాయి కదా అనుకుంది. చిక్కుళ్ళూ, రొట్టెలూ, గుడ్లూ ఆ కొలతల మీదే నెట్టుకొచ్చింది. బల్తాసార్ ఎప్పటిలాగే బాగుంది అంటూ తిన్నాడు. తొమ్మిది నెలలు అలా గడిచాయి.

నవంబరులో గాలి తిరిగింది.

ఆ శనివారం ఏం జరిగిందంటే, మిరపకాయలు పెనం మీద ఒక నిమిషం ఎక్కువ ఉన్నాయి. ముక్కు ఉంటే, మాడు వాసన రాకముందే తీసేసేది. మాడిన మిరపకాయ చిలీని చేదు చేస్తుంది, ఎంత ఉడికించినా ఆ చేదు పోదు. మాంసం ఎర్రగా వేగేటప్పుడు ఉప్పు వేసింది. పదకొండింటికి, వేశానా లేదా అని అనుమానం వచ్చి మళ్ళీ వేసింది. రెండింటికి ఇంకోసారి వేసింది. వేసిన ప్రతిసారీ గరిటెతో రుచి చూసింది కూడా, అలవాటు కొద్దీ.

సాయంత్రం అందరూ బల్ల చుట్టూ కూర్చున్నారు. మొదటి ముద్ద తినగానే రోహెలియో గ్లాసు ఖాళీ చేసి మళ్ళీ నింపుకున్నాడు. చిన్న మనవరాలు, "అమ్మా, ఇది సముద్రం..." అనబోతే ఇమెల్దా ఆ పిల్ల నోట్లో రొట్టె ముక్క కుక్కింది. రోహెలియో నాలుగో గ్లాసు తాగుతున్నాడు. నెస్తోరా అందరి ముఖాలూ ఒక్కొక్కటే చూసింది. చివరికి ఆవిడ చూపు లియొకాదియా దగ్గర ఆగింది.

లియొకాదియా గురించి ఒక మాట చెప్పాలి. ఆవిడ బల్తాసార్‌కి పెద్దక్క, డెబ్బై దాటిన విధవరాలు. ఈ ఇంట్లో తిన్న ఏ చిలీకీ వంక పెట్టకుండా లేవలేదు. ఒకసారి జీలకర్ర ఎక్కువ, ఒకసారి మాంసం ముక్కలు పెద్దవి, ఒకసారి, ఏ వంకా దొరక్కపోతే, గిన్నె చల్లగా ఉందని. నెస్తోరా కూడా ఊరుకునేది కాదు. "వదినా, మీరు తిన్న మూడో గిన్నె కూడా చల్లగానే ఉందా?" అనేది.

ఆ లియొకాదియా చెంచా కింద పెట్టి, మూతి తుడుచుకుని, మెల్లగా అంది. "చాలా బాగుంది నెస్తోరా."

నెస్తోరా తన గిన్నె పక్కకి తోసేసింది.

అందరూ వెళ్ళాక గిన్నెలు కడుగుతూ భర్తని అడిగింది. "చిలీ ఎలా ఉంది?"

"బాగుంది."

"బల్తా, నా మొహం చూసి చెప్పు."

ఆయన తుడుస్తున్న గిన్నెని చాలాసేపు తుడిచాడు. "ఉప్పు కషాయం" అన్నాడు చివరికి.

ఆవిడ తడిచేతులతోనే కుర్చీలో కూలబడి తొమ్మిది నెలల సంగతీ చెప్పేసింది. ఆయన నిలబడే విన్నాడు. అంతా విన్నాక, "నాకు మార్చిలోనే అనుమానం వచ్చింది. పొయ్యి మీద రొట్టె బొగ్గైపోతుంటే నువ్వు పక్కనే నిలబడి కూనిరాగం తీస్తున్నావు" అన్నాడు.

"మరి అడగలేదేం?"

"నువ్వు చెప్పలేదుగా. చెప్పాలనుకుంటే చెబుతావనుకున్నా."

"తొమ్మిది నెలలు అనుకుంటూనే కూర్చున్నావా?"

"అక్కడక్కడా పనికి కూడా వెళ్ళాను" అన్నాడు.

ఆవిడకి ఏడుపూ నవ్వూ కలిసి వచ్చాయి. తడి గుడ్డ విసిరింది. ఆయన దాన్ని పట్టుకుని మడతపెట్టి పక్కన పెట్టాడు. తర్వాత ఆవిడ ఎదురుగా కూర్చుని, తను చాలాసేపు ఆలోచించి చెప్పే మాటలా చెప్పాడు. "చెయ్యి నీది బాగానే ఉంది. పాడైంది నాలుక ఒక్కటే. నా దగ్గర ఒకటుంది. పెద్దగా వాడింది కాదు."

"నీ నాలుకకి ఒక్క మాటే వచ్చు కదయ్యా."

"నేర్పు మరి."

అలా మొదలైంది. ఆదివారం చర్చి నుంచి వచ్చాక చిన్న గిన్నెలో గుప్పెడు మాంసంతో చిలీ పెట్టింది. రెండు గంటలయ్యాక గరిటె ఆయనకి ఇచ్చింది.

"చెప్పు."

"బాగుం..." అని ఆవిడ కళ్ళు చూసి ఆగాడు. మళ్ళీ రుచి చూశాడు. నుదురు ముడిచాడు. "ఏదో తక్కువైంది."

"ఏది?"

"అది తెలిస్తే చెప్పనా?"

"ఉప్పా, పులుపా, చేదా, ఘాటా?"

"అవి కాదు. ఎలా చెప్పాలి... మర తిరుగుతోంది గానీ నీళ్ళు పడట్లేదు."

నెస్తోరా గరిటె నడుముకి ఆనించి నిలబడింది. "నేను చిలీ వండుతున్నానా, బోరు వేస్తున్నానా?"

కానీ ఆవిడ వంటలో పండిపోయిన మనిషి. ఆ మాటని లోపల ఒకసారి తిప్పి చూసుకుంది. కారం తెలుస్తోంది, దాని వెనకాల రుచి రావట్లేదు. ఉప్పు తక్కువైంది. చిటికెడు వేసి కలిపి మళ్ళీ ఇచ్చింది. ఆయన కనుబొమలు పైకి లేచాయి.

"నీళ్ళు పడ్డాయి" అన్నాడు.

ఆ వారమంతా ఇంట్లో అదే భాష. "తోలు వాషరు ఎండిపోయింది" అంటే కొవ్వు చాల్లేదని. "గేరు పళ్ళు ఇంకా పట్టుకోలేదు" అంటే మసాలా మాంసానికి అంటలేదు, ఇంకో గంట ఉడకాలని. ఒకరోజు, "పైన ఎక్కడో బోల్టు వదులుగా ఉండి గలగల్లాడుతోంది" అన్నాడు. అది ఏమిటో ఆవిడకి అందలేదు. అప్పుడు గూట్లో ఉన్న మసాలాలన్నీ బల్ల మీద పెట్టి, ఒక్కొక్కటీ విడిగా ఆయన నాలుక మీద వేసింది. ఆ గలగల, మసాలాలో వేసే ఎండు ఆకుల ఘాటని తేలింది. అవి చెంచాడు నమిలి, పాపం, ఆ మధ్యాహ్నమంతా పెరట్లో తిరిగాడు. అప్పుడే ఇంకో సంగతి బయటపడింది. నలభై ఏళ్ళుగా చిలీలో తనకి బాగా నచ్చే వాసన మిరియాలదని ఆయన అనుకుంటున్నాడు. అది జీలకర్ర.

"నలభై ఏళ్ళు నువ్వు ఎవరితో కాపురం చేస్తున్నావో అయినా తెలుసా?" అంది నెస్తోరా.

"వాసన బట్టి పోల్చుకోవాలంటే కష్టమే" అన్నాడాయన. అటు తర్వాత ఆయన ఊళ్ళో కాఫీ తాగినా ఊరికే ఉండలేకపోయాడు. హోటల్ పిల్లని పిలిచి, "అమ్మా, దీన్ని మరిగించి మళ్ళీ మరిగించారా?" అని అడిగాడని మా ఇంటిదాకా కబురొచ్చింది. ఎన్నడూ నోరు విప్పని మనిషికి ఏమైందని ఆ పిల్ల భయపడిందట.

డిసెంబరు మొదట్లో మళ్ళీ గట్టిగా గాలి కొట్టింది. "ఈ శనివారం మళ్ళీ చిలీ" అని నెస్తోరా కొడుక్కి ఫోను చేసి చెప్పింది.

"మళ్ళీనా అమ్మా?" అన్నాడు రోహెలియో.

"ఏం, మొన్నటిది నచ్చలేదా?"

"నచ్చకేం. ఇప్పటికీ తల్చుకుని నీళ్ళు తాగుతున్నా."

శనివారం పొద్దున్నే మొదలుపెట్టారు. మిరపకాయలు వేగుతుంటే బల్తాసార్ పెనం మీదికి ముక్కు వంచి నిలబడ్డాడు. "ఇప్పుడు" అనగానే ఆవిడ తీసేసింది. నీళ్ళలో నానబెట్టడం, నూరడం, మాంసం కొవ్వులో ఎర్రగా వేయించడం, అంతా ఆవిడ చేత్తోనే. పది గంటలకి ఇనుపకుండ సన్నసెగ మీదికి చేరింది.

పదకొండింటికి తలుపు చప్పుడైంది. లియొకాదియా. ఎప్పుడూ సాయంత్రం వచ్చే మనిషి, నల్లశాలువా కప్పుకుని గుమ్మంలో నిలబడింది.

"ఇంట్లో చలిగా ఉంది. ఇక్కడ పొయ్యి దగ్గర కూర్చుంటా" అని వంటింట్లోకి నడిచి, కుండ కనపడేలా కుర్చీ లాక్కుంది.

మొగుడూ పెళ్ళాలు ఒకరినొకరు చూసుకున్నారు. పరాయివాళ్ళ ముందు ఎలా అని ముందే ఒక ఏర్పాటు చేసుకున్నారు. ఉప్పు తక్కువైతే ఆయన చెవి గోక్కోవాలి. కొవ్వు తక్కువైతే మెడ. ఇంకా ఉడకాలంటే ముక్కు రుద్దుకోవాలి. నెస్తోరా గరిటె అందించింది. ఆయన రుచి చూసి చెవి గోక్కున్నాడు. ఆవిడ ఉప్పు వేసింది. మళ్ళీ రుచి చూశాడు. చెవీ, మెడా, ముక్కూ వరసగా తడిమాడు.

"ఏంట్రా తమ్ముడూ, పేలు పడ్డాయా?" అంది లియొకాదియా.

"లేదక్కా."

"మరి ఆ కోతిచేష్టలేంటి? నువ్వు గోక్కుంటుంటే మీ ఆవిడ ఉప్పు వేస్తోంది. అసలు నువ్వు వంటింట్లో ఏం చేస్తున్నావ్? పెళ్ళైనప్పటినుంచీ ఈ గదిలో నువ్వు నిలబడ్డం నేను చూళ్ళేదు."

బల్తాసార్ భార్య వైపు చూశాడు. నెస్తోరా మంట ఇంకాస్త తగ్గించి, ఆప్రాన్‌కి చేతులు తుడుచుకుని, కుర్చీ లాక్కుని వదిన ఎదురుగా కూర్చుంది. దాచి దాచి అలిసిపోయింది. ఉన్నదున్నట్టు చెప్పింది.

లియొకాదియా శాలువా కొసని వేళ్ళ మధ్య నలుపుతూ వింది. మధ్యలో ఒక్కసారీ అడ్డు రాలేదు. అదే నెస్తోరాని భయపెట్టింది.

"ఫిబ్రవరి నుంచా?"

"అవును వదినా."

"మరి మేలో నా పుట్టినరోజుకి కేకు చేశావు కదా."

నెస్తోరా తల దించుకుంది. "అది కూడా ఘోరంగా వచ్చిందా?"

"దానికీ నీ ముక్కుకీ సంబంధం లేదులే. నీ కేకులు ఎప్పుడూ అంతే."

నెస్తోరా తలెత్తింది. లియొకాదియా ముఖంలో నవ్వు లేదు, కానీ కళ్ళ చివర తడి ఉంది. "మొన్న నేను బాగుందన్నానని మూడు వారాలు నిద్రపట్టలేదు. నీకేదో పెద్ద రోగం వచ్చిందనుకున్నా. దాచిపెడుతున్నావని. ఇవాళ అడుగుదామనే వచ్చా" అంది. వెంటనే లేచి తమ్ముడి చేతిలో గరిటె లాక్కుంది. "ఇటివ్వు. వీడి నాలుకని నమ్ముకున్నావా? వీడికి చిన్నప్పుడు ఆముదం పోస్తే ఇంకా కావాలన్నాడు."

రుచి చూసింది. "జీలకర్ర ఎక్కువైంది."

బల్తాసార్ గరిటె వెనక్కి తీసుకున్నాడు. తనూ చూశాడు. "కాదక్కా. తక్కువైంది."

అక్క మాటకి ఆయన ఎదురుచెప్పడం అరవై ఆరేళ్ళలో అదే మొదలు. లియొకాదియా నడుం మీద చేతులు పెట్టుకుంది.

"తక్కువా? నువ్వు నాకు చెబుతావా? నువ్వు మిరియానికీ జీలకర్రకీ తేడా..."

"ఇప్పుడు తెలుసు. వారమంతా నమిలాను."

"నోరంతా మాడ్చుకుని ఉంటావ్. ఎక్కువ."

"తక్కువ."

ఇద్దరూ నెస్తోరా వైపు తిరిగారు. ఇద్దరిలో ఒకరి మాట మీద చెంచా కదపాలి, కానీ ఎవరి మాట నిజమో తేల్చుకునే నాలుక తనకి లేదు. ఆవిడ గరిటె తీసుకోలేదు. కుండ మీదికి వంగి చూసింది. నడిమధ్య బుడగలు పలచగా, చురుగ్గా లేస్తున్నాయి. అంచుల దగ్గర కొవ్వు ఇంకా పసుపుగానే ఉంది, మిరపకాయ ఎరుపు దాన్లోకి దిగలేదు. ఒక మాంసం ముక్క తీసి పళ్ళెంలో పెట్టి వేలితో నొక్కింది. అది వేలిని వెనక్కి తోసింది.

"జీలకర్ర సరిగ్గానే ఉంది" అంది. "మాంసం ఇంకా లొంగలేదు. అందుకే మసాలా అంతా పైపైన తేలుతోంది. వదిన చెంచాలోకి పైది వచ్చింది, నీకు అడుగుది వచ్చింది. దేన్నీ ముట్టుకోకండి. ఇంకో గంటన్నర."

"ఒకవేళ..." అని లియొకాదియా మొదలుపెట్టింది.

"వదినా, కూర్చోండి" అని నెస్తోరా కుర్చీ చూపించింది.

గంటన్నర తర్వాత అంచుల్లో కొవ్వు ఎర్రగా తేలింది. బుడగలు చిక్కగా, ఆగి ఆగి లేస్తున్నాయి. కాస్త మొక్కజొన్న పిండి నీళ్ళలో కలిపి పోసింది. అక్కాతమ్ముళ్ళకి చెరో చెంచా ఇచ్చి, చేతులు కట్టుకుని నిలబడింది. ఇద్దరూ తిన్నారు. బల్తాసార్ ఏ చెవీ ముట్టుకోలేదు. కళ్ళు మూసుకుని, ఆ కూరని దూరంగా ఎక్కడో వింటున్నట్టు ఉన్నాడు.

"చెప్పు" అంది నెస్తోరా.

"ముందు మిరపకాయ తీపి తెలుస్తుంది" అన్నాడాయన నెమ్మదిగా. "ఎండుద్రాక్షలా. తర్వాత మాంసం. ఘాటు వెంటనే రాదు, మింగాక గొంతులో మెల్లిగా వెచ్చబడుతుంది. జీలకర్ర అన్నిటి వెనకాల ఉంది. నీ బీరువాలో పాత దుప్పట్లు తీసినప్పుడు వస్తుందే, అలా ఇంటి వాసన."

ఆయన నోటినుంచి అన్ని మాటలు ఒకేసారి రావడం ఆ ఇంట్లో అంతకుముందు ఎవరూ వినలేదు. నెస్తోరా కదలకుండా నిలబడి వింది. ఆ కాసేపు ఆవిడకి కూడా లీలగా తెలిసినట్టే అనిపించిందని తర్వాత నాతో చెప్పింది.

"దుప్పట్ల వాసనేంట్రా" అని లియొకాదియా గొణిగింది, రెండో చెంచా ముంచుతూ.

నాలుగింటికి రోహెలియో కుటుంబం వచ్చింది. కారు దిగి ఇంట్లోకి వస్తుంటే చిన్న మనవరాలు ముందుగా పరిగెత్తుకొచ్చి, "నానమ్మా, కోడివేపుడు కారులో దాచాం, నీకు చెప్పొద్దన్నారు" అంది. ఇమెల్దా చెవుల దాకా ఎర్రబడింది.

"అత్తయ్యా, పిల్లలు దారిలో ఆకలంటారని..." అంది.

"పన్నెండు ముక్కలా?" అంది మనవరాలు.

నెస్తోరా నవ్వింది. బల్ల దగ్గర అందరూ కూర్చున్నాక, ఎవరూ చెంచా ఎత్తకముందే, జరిగిందంతా తనే చెప్పింది. రోహెలియో లేచి వచ్చి తల్లి భుజం మీద చెయ్యి వేశాడు. "ఈస్టరు నాటి పాయసం సంగతి ఇప్పుడర్థమైంది" అన్నాడు. ఇమెల్దా జూన్ నాటి పులుసు గుర్తుచేసింది. పెద్ద మనవడు పుట్టినరోజు నాటి సేమ్యా గుర్తుచేశాడు. తొమ్మిది నెలలుగా నోరు మూసుకుని మింగినవన్నీ ఒక్కొక్కటే బయటికి వచ్చాయి. నెస్తోరా కళ్ళు తుడుచుకుంటూ, "మీరంతా ఇంత పిరికివాళ్ళని నాకు తెలీదు" అంది. అప్పుడు తిన్నారు. రోహెలియో ఆ రోజు ఒక్క గ్లాసు నీళ్ళే తాగాడు. వేపుడు ఎవరికీ గుర్తు రాలేదు.

నెస్తోరాకి వాసన పూర్తిగా తిరిగి రాలేదు. రెండేళ్ళకి కాఫీ కొంచెం తెలిసింది, మిగతావి రాలేదు. ఆవిడ వంట మాత్రం మానలేదు. ఏటా గాలి తిరిగాక వచ్చే ఆ శనివారం లియొకాదియా పదింటికల్లా వచ్చి తమ్ముడి పక్కన కూర్చుంటుంది. ఇద్దరూ ఒకే గరిటె కోసం పోట్లాడుకుంటారు, ఆవిడ మధ్యలో నిలబడి తీర్పు చెబుతుంది.

ఆ డిసెంబరు సాయంత్రం ఎండ ఇంకా ఉండగానే లియొకాదియా లేచింది. మిగిలిన చిలీని మూతగిన్నెలో పోయించుకుంది. మర్నాటికి ఇంకా బాగుంటుందని ఆ ఇంట్లో అందరికీ తెలుసు. బల్తాసార్ ట్రక్కులో దింపుతానన్నాడు. "వద్దు. నువ్వు గుంతల్లో తోలితే సగం ఒలుకుతుంది" అని, గిన్నెని శాలువా కింద గుండెకి హత్తుకుని, ఎదురుగాలిలో తల వంచుకుని రెండు వీధులూ నడిచి వెళ్ళిపోయింది.